వరసలో లేని గిత్త

2023 మార్చి. పర్చూరు వైపు ఒక మండల కేంద్రంలో పశువైద్యాధికారిగా పనిచేస్తున్నాను. మిరప కోతలు ముగింపుకొచ్చి, ఏ ఊరి బయట చూసినా కల్లాల నిండా కాయలు ఎర్రగా ఆరుతున్న రోజులు. మా ఆసుపత్రి రోడ్డు పక్కనే కావడంతో పొద్దున తలుపు తీయగానే ఒక తుమ్ము, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఇంకో తుమ్ము తప్పేవి కావు. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. లేకపోతే ఆ ఊళ్ళో నాకు మళ్ళీ కాఫీ పుట్టదు. గిత్తల పేర్లు మాత్రం మార్చలేదు. వాటికి అభ్యంతరం ఉండదనే అనుకుంటున్నాను.

మా వృత్తి గురించి ఒక మాట ముందే చెప్పాలి. మనుషుల డాక్టరుకు రోగి నోరు విప్పి తన బాధ చెప్పుకుంటాడు. మాకు ఆ సుఖం లేదు. పశువును తోలుకొచ్చిన మనిషి చెప్పేదే ఆధారం. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నది, ఎలా నడిచింది అన్న ఆ వివరాన్ని హిస్టరీ అంటాం. అంటే మా వైద్యం సగం ప్రత్యక్షసాక్షుల మీదే నడుస్తుంది. "నిన్నటిదాకా బ్రహ్మాండంగా తిన్నదండి" అంటాడు భర్త. "మూడు రోజుల్నుంచి గడ్డి ముట్టలేదండి" అంటుంది భార్య. ఇద్దరూ చెప్పేది ఒకే గేదె గురించి. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు. ఏళ్ళ తరబడి ఇవన్నీ విని, సాక్షుల సంగతి నాకు క్షుణ్ణంగా తెలుసనుకున్నాను.

ఒక ఉదయం ముగ్గురు మనుషులు నా గదిలోకి వచ్చారు. మధ్యలో ఉన్నాయన వెంకట్రావు, పురుగుమందుల కొట్టు యజమాని. చెయ్యి మెడకు వేలాడుతోంది, పక్కటెముక చిట్లిందట, కూర్చోమంటే వద్దని నిలబడే ఉన్నాడు. ఆయనకు కుడివైపు రిటైరైన లెక్కల మాస్టారు, ఎడమవైపు టీకొట్టు పోలయ్య.

"ఒక సర్టిఫికెట్ కావాలండి డాక్టరమ్మ గారూ" అన్నాడు వెంకట్రావు. "కోటమ్మ గిత్త పొడిచే గొడ్డు, ఊళ్ళో ఉంచటం ప్రమాదం అని రాసివ్వండి చాలు. మిగతాది ఊరు చూసుకుంటది."

ఆ మిగతాది ఏమిటో నాకు తెలుసు. అలాంటి కాగితం మీద పశువుల డాక్టరు సంతకం పడ్డాక ఆ గిత్తను ఏ రైతూ కొనడు, తన ఆవును దాని దగ్గరికి తోలుకురాడు. చివరికి దాన్ని తీసుకెళ్ళేది సంత లారీ ఒక్కటే. ఆ లారీ ఎక్కిన పశువు మళ్ళీ ఏ చావిట్లోనూ కనపడదు. లారీ మాట్లాడటం కూడా అయిపోయిందని పోలయ్య నాకు శుభవార్తలా చెప్పాడు.

ఏం జరిగిందని అడిగాను. కిందటి వారం ఒక సాయంత్రం, పొద్దు వాలుతుండగా, మాస్టారి కల్లంలో ముగ్గురూ కాయల తేమ చూస్తూ మాట్లాడుకుంటున్నారట. ఎక్కడినుంచో ఒక తెల్ల గిత్త పరుగెత్తుకొచ్చి, ఆరబోసిన మిరపకాయల్ని తొక్కుకుంటూ, వెంకట్రావును కుప్ప మీద పడేసి వెళ్ళిపోయిందట. ఎండిన కాయలు డెక్కల కింద నలిగితే ఏం లేస్తుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కల్లం మొత్తం ఎర్రటి దుమ్ము, అందరికీ దగ్గు, కళ్ళ వెంట ధారలు. వెంకట్రావును పైకి లేపడానికి కూడా చేతులతో తడుముకుంటూ వెతకాల్సి వచ్చిందట.

"మరి గిత్తను పోల్చుకున్నారా?" అన్నాను.

"ఎందుకు పోల్చుకోమండీ? ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంది, నుదుటి మీద నల్ల మచ్చ ఉంది" అన్నాడు వెంకట్రావు. మాస్టారూ అదే మాట అన్నారు, పోలయ్యా అదే మాట. ముగ్గురిదీ ఒకే వరస, కొమ్ము తర్వాతే మచ్చ.

"అంత ఘాటులో కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"తెరవకపోతే ఎట్టా కనపడుద్దండీ?" అన్నాడు పోలయ్య, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

పశువును చూడకుండా సంతకం చేయనని చెప్పి, ఆ సాయంత్రమే కోటమ్మ దగ్గరికి వెళ్ళాను. కోటమ్మ భర్త చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీలో పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. ఆమె కౌలు పొలంలో మిరప వేసి, పొలం గట్టునే పాక వేసుకుని ఉంటుంది. గిత్తను పుట్టింటి నుంచి తెచ్చుకుని ఎన్నాళ్ళో కాలేదు, ఊరికి దాని మొహం సరిగా తెలియదు. ఒంగోలు జాతి, నిండు వయసు, ఎత్తయిన మూపురం, నేలకు జీరాడే గంగడోలు. ఇంత పర్వతానికి ఆమె పెట్టుకున్న పేరు బుజ్జిగాడు.

"ఈడు పుట్టిన రోజే తల్లి పోయిందమ్మా. సీసా పాలతో పెంచా. ఇప్పటికీ సీసా కనపడితే నాలిక చాపుతాడు. ఈడు మడిసిని పొడిచాడంటే నేనెట్టా నమ్మను?"

"ఆ సాయంత్రం ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటాడు, ఈ తొట్టి దగ్గరే. కుడితి తాగతన్నాడు. కుడితి ముందర దేవుడొచ్చినా బుజ్జిగాడు తలెత్తడమ్మా. కల్లంలో అంత గోల జరిగినా ఎత్తలా." ఆమె గిత్త మెడ చుట్టూ చెయ్యి వేసింది. "రేపు ఆ లారీ వస్తే నేను అడ్డం పడుకుంటా. నన్ను తొక్కి తీసుకుపొమ్మను."

నేను గిత్త తల పట్టుకుని చూశాను. రెండు కొమ్ములూ నిటారుగా ఉన్నాయి. నుదురు పాలలా తెల్లగా ఉంది. నాకు గొప్ప సంతోషమేసింది. తెల్లారే ఆ ముగ్గురినీ పిలిపించి, ఇది మీరు చెప్పిన గిత్త కాదని చెప్పాను. పని అయిపోయిందనుకున్నాను.

"ఆ రోజు వంగి ఉందండి" అన్నాడు పోలయ్య. "కోపంలో గొడ్డు కొమ్ము తిప్పుద్ది కదా."

కోపంలో కొమ్ము వంగే పశువు గురించి మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మాస్టారు కాస్త శాస్త్రీయంగా ఆలోచించారు. "సాయంత్రం వెలుతురు కదమ్మా, వంగినట్టు కనిపించి ఉంటుంది. మచ్చ కూడా నీడే అయి ఉండొచ్చు. గిత్త మాత్రం అదే."

అప్పుడు నాకు కోపం వచ్చింది. కొమ్ము పోయింది, మచ్చ పోయింది, నేరం మాత్రం బుజ్జిగాడి మీద చెక్కుచెదరకుండా ఉంది. ఇంకాస్త అడిగితే తేలిందేమిటంటే, సంఘటన జరిగిన రోజు ముగ్గురికీ గుర్తున్నది తెల్లటి ఆకారం ఒక్కటే. తర్వాత పోలయ్య టీకొట్టు దగ్గర రోజూ సాయంత్రం దీని మీద సభ జరిగింది. ఒక టీకి కొమ్ము వంగింది, ఇంకో టీకి మచ్చ పుట్టింది. ఊళ్ళో తెల్ల గిత్త ఎవరికుంది అంటే కోటమ్మకుంది అన్నారెవరో. మర్నాడు అందరూ గుంపుగా కోటమ్మ పాక దగ్గరికెళ్ళి బుజ్జిగాడిని చీకట్లో ఎగాదిగా చూసొచ్చారు. ఇక అప్పటినుంచి కళ్ళు మూసుకుంటే వాళ్ళకు కనపడేది పాకలో చూసిన గిత్తే. దాన్ని కల్లంలో చూశామనుకుంటున్నారు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పడం లేదు, అదే నా తలనొప్పి. అబద్ధమైతే గద్దించి బయటికి లాగొచ్చు.

నేను సంతకం పెట్టనన్నాక విషయం పోలీసు స్టేషన్ దాకా వెళ్ళింది. ఎస్సై కొత్తగా వచ్చిన కుర్రవాడు, ట్రైనింగులో నేర్చుకున్నవన్నీ ఇంకా తళతళలాడుతున్నాయి. "మేడం, టీఐ పరేడ్ పెడదాం" అన్నాడు. అనుమానితుణ్ణి అలాంటి పోలికలున్న వాళ్ళ మధ్య నిలబెట్టి, సాక్షిని గుర్తుపట్టమనడం.

"అది మెజిస్ట్రేటు గారు పెట్టాలి కదండీ?"

"మనుషులకైతే పెట్టాలి మేడం. గిత్తలకు ఎవరూ పెట్టలేదు కాబట్టి, మనం పెట్టకూడదని కూడా ఎక్కడా లేదు."

నేనొక మెలిక పెట్టాను. బుజ్జిగాడిని వరసలో నిలబెడితే పాకలో చూసిన గిత్త ఇదేనని తెలుసుకుని దాన్నే చూపిస్తారు, దాంతో ఏమీ తేలదు. అందుకని బుజ్జిగాడిని వరసలోనే పెట్టవద్దన్నాను. సాక్షులకు ముందే స్పష్టంగా చెబుదాం, ఆ గిత్త వీటిలో ఉండొచ్చు, లేకపోనూ వచ్చు అని. "వీటిలో లేదు" అని చెప్పగలిగితే వాళ్ళు నిజంగా చూసినట్టే, నేను మారుమాట్లాడకుండా సంతకం పెడతాను. ఎస్సై ఒప్పుకున్నాడు. సరిగ్గా చెబితే సంతకం పెడతానన్న మాట వరకే ఆ ముగ్గురికీ చెప్పాం, బుజ్జిగాడు వరసలో ఉండడన్న సంగతి చెప్పలేదు. కోటమ్మకు మొత్తం చెబితే, "మీరు చేసేదేందో మీకు తెలుసా అమ్మా?" అంది. తెలుసన్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. ఆ పెద్దమనుషులు నిజంగా చూసే ఉంటే, బుజ్జిగాడిని లారీ ఎక్కించేది నా తెలివే అవుతుంది.

ఇక గిత్తల వేట. ఒంగోలు జాతి పుట్టిన గడ్డ మీద నాలుగు తెల్ల గిత్తలు దొరకడం ఇంత కష్టమని నేననుకోలేదు. దుక్కి దగ్గర్నుంచి మందు కొట్టడం దాకా అన్నిటికీ ట్రాక్టర్లే. పక్క ఊరి గుడి గిత్త ఒకటి దొరికింది, అదే ఊళ్ళో ఒక రైతు దగ్గర రెండు దొరికాయి. మిగిలిన ఒక్కటీ ఎవరిదంటే, టీకొట్టు సభలో ఎవరికీ గుర్తురాలేదు కాని, సాక్షాత్తూ వెంకట్రావుదే. బండలాగుడు పోటీల కోసం రాజా, యువరాజు అని ఒక జతను మేపుతున్నాడు. మేపడమంటే ఆయన మేపడు, జీతానికున్న ఏడుకొండలు మేపుతాడు. వెంకట్రావు పోటీల రోజున వచ్చి, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో గంటలు, మూపురం మీద పట్టుగుడ్డ వేసిన రాజాకు బెల్లంముక్క పెట్టి ఫొటో దిగుతాడు. ఆ ఫొటో కొట్టు ముందు పెద్ద ఫ్లెక్సీగా ఉంది, కింద "నా ప్రాణస్నేహితుడు రాజా" అని.

రాజాను తెమ్మంటే ఏడుకొండలు నసిగాడు. "యువరాజును తెస్తానమ్మా, రాజా వద్దులెండి." యువరాజు గిట్ట వాచి ఉంది, వైద్యం చేస్తున్నది నేనే, అందుకని రాజానే తీసుకురమ్మన్నాను. కిందటి వారం దుమ్ము పడిందని కళ్ళ వెంట నీళ్ళు కార్చుకుంటూ వచ్చిన రాజాకు కూడా నేనే మందు వేశాను, ఇప్పుడు తేరుకుంది. అతను తల గోక్కుని సరేనన్నాడు.

పరేడ్ మా ఆసుపత్రి ఆవరణలో జరిగింది. నాలుగు గిత్తల్నీ కడిగించి, ఒకే రకం తాళ్ళతో వరసగా కట్టించాను. నగా నట్రా ఏమీ లేవు. చెవులకున్న పసుపు పచ్చ ట్యాగులకు గుడ్డ చుట్టించాను. బుజ్జిగాడు ఆసుపత్రి వెనక ట్రెవిస్‌లో ఉన్నాడు. ట్రెవిస్ అంటే పశువు కదలకుండా నిలబెట్టే ఇనపగొట్టాల చట్రం. వాడి పక్కన పాలసీసాతో కోటమ్మ. సాక్షులను వేరువేరు చోట్ల కూర్చోబెట్టాం, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. పోలయ్యకు అదే పెద్ద శిక్షయింది.

మొదట పోలయ్య వచ్చాడు. ఎస్సై నియమం మళ్ళీ చెప్పాడు. ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. పోలయ్య బుద్ధిగా తలూపి, మొదటి గిత్త దగ్గర ఆగి, "ఇదేనండి. కొమ్ము చూడండి ఎట్టా ఉందో" అన్నాడు. అది గుడి గిత్త. ఆ పొద్దునే ట్రక్కులో దిగింది, ఆ ఊరి పొలిమేర ఎప్పుడూ తొక్కలేదు. ముసలిది కూడా. పోలయ్య వేలు చూపిస్తే చిన్నగా ఆవులించింది.

తర్వాత మాస్టారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వరస మొత్తం రెండుసార్లు తిరిగారు. "ఏదీ కాదు అనే జవాబు కూడా ఉందన్నారు కదూ?" అని ఎస్సైని అడిగారు.

"ఉందండి."

"అయితే అది తికమక పెట్టడానికి ఇచ్చింది. ఇలాంటి పేపర్లు నేనెన్ని తయారుచేయలేదూ. జవాబు నాలుగు." నాలుగోది పక్క ఊరి రైతుది. ఆయన దాని మొహం కూడా సరిగా చూడలేదు.

చివరగా వెంకట్రావు వచ్చాడు. ఈయన ఒక్కడే మనసు పెట్టి చూస్తున్నాడు. మొదటిదాన్ని చూసి కాదన్నాడు. రెండోదాన్ని చూసి కాదన్నాడు. మూడోదాని ముందు ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది.

"ఇదే" అన్నాడు. "ఈ మొహం నేను జన్మలో మరిచిపోను. ఈ కళ్ళు, ఈ చూపు. రాత్రిళ్ళు కలలోకి వస్తన్నాయండీ."

గిత్త మెడ చాపి ఆయన చొక్కా జేబు వాసన చూసింది, తర్వాత నాలుకతో జేబును నాకడం మొదలుపెట్టింది. వెంకట్రావు ఎగిరి ఎస్సై వెనక్కి దూకాడు. "చూశారా, అదికూడా నన్ను గుర్తుపట్టింది. మళ్ళీ మీదికొస్తంది."

దూరంగా గోడ వారన నిలబడ్డ ఏడుకొండలు ఏడవలేక నవ్వుతున్నాడు. "అయ్యా" అన్నాడు మెల్లగా. "బెల్లం కోసం అయ్యా. ఇది మన రాజానే."

వెంకట్రావు రాజాను చూశాడు, ఏడుకొండల్ని చూశాడు, నన్ను చూశాడు. కుప్పెలు, గంటలు, పట్టుగుడ్డ లేకుండా తన ప్రాణస్నేహితుణ్ణి ఆయన చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"అయితే ఇది కాదు" అన్నాడు.

"జన్మలో మరిచిపోనన్నారు కదండీ ఇప్పుడే" అన్నాడు ఎస్సై.

"నేనన్నది దీని పక్కదాన్ని."

నాకు నవ్వు ఆగలేదు. తెలిసిన మొహం ఏదైనా తెలిసినట్టే ఉంటుంది కాని, ఎక్కడ తెలుసో మనసు చీటీ అంటించి పెట్టదు. రోజూ ఫ్లెక్సీ మీద చూసే మొహం ఇక్కడ కనపడితే, నన్ను పొడిచింది ఇదే అనిపించింది ఆయనకు. ఇంత చక్కటి వివరణ ఇచ్చుకుని నేను సంబరపడుతుండగానే, ఎస్సై ఏడుకొండల వైపు తిరిగాడు.

"ఆ సాయంత్రం రాజా ఎక్కడుంది?"

"చావిట్లోనే ఉండాలండి."

"ఉండాలా, ఉందా?"

ఏడుకొండలు యజమాని వైపు చూశాడు. తర్వాత ఆసుపత్రి వెనక్కి చూశాడు. అక్కడ గోడ పక్కనుంచి కోటమ్మ తల బయటపెట్టి చూస్తోంది, చేతిలో సీసా. అతను కళ్ళు దించుకున్నాడు. "తాడు తెంపుకుందండి. నేను టీకి పోయినప్పుడు. కాసేపటికి అదే వచ్చేసింది, కళ్ళెంట నీళ్ళు కార్చుకుంటా. దుమ్మని డాక్టరమ్మకి చెప్పా. దుమ్మే, కాకపోతే మిరపదుమ్ము."

ఆ కళ్ళు కడిగింది నేనే. కాయ తొక్కిన గిత్త కళ్ళలో ఘాటు ఉంటుందన్న ముక్క మాత్రం నాకు తట్టలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా "నాకు ఆ కళ్ళు చూసినప్పుడే అనుమానమొచ్చింది" అనబోతుంటాను. నిజానికి రాలేదు. గిత్తను దుమ్ములో కట్టేశావని ఏడుకొండల్ని తిట్టి పంపాను, అంతే.

అంటే ముగ్గురు సాక్షుల్లో వెంకట్రావు ఒక్కడే సరైన గిత్తను చూపించాడు. కల్లంలో చూసి గుర్తుపట్టాడా, ఫ్లెక్సీలో చూసి గుర్తుపట్టాడా అన్నది ఆయనకూ తెలియదు, నాకూ ఈనాటికీ తెలియదు. తెలిసిందల్లా, తన మాటే నిజమని ఋజువైన క్షణంలో దాన్ని వదిలించుకోవడానికి ఆయన పడ్డ పాట్లు. ఉగాది పోటీలు దగ్గర్లో ఉన్నాయి. పొడిచే గిత్త అని పేరుపడితే రాజాను బరిలోకి రానివ్వరు.

"అసలు నన్ను ఏ గిత్తా పొడవలేదండి" అన్నాడు చివరికి. "కాయల మీద కాలు జారి పడ్డా. అలా రాసుకోండి."

అప్పటికి పోలయ్యను బయటికి వదిలారు. "నేను చూశానండి" అన్నాడు వెంటనే. "కుడికాలు జారింది."

లారీకి ఫోన్ చేసి రావద్దని చెప్పారు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కోటమ్మ నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. చేతుల నిండా పాలు, గిత్త చొంగ. నేను తుడుచుకోలేదు.

ఆ రోజు నుంచి హిస్టరీ తీసుకునే పద్ధతి మార్చాను. భార్యను ఒకచోట, భర్తను ఒకచోట అడుగుతాను. ముందు వాళ్ళు చెప్పేది విని, ఆ తర్వాతే నా ప్రశ్న వేస్తాను. "జ్వరంగా ఉందా?" అని నేను ముందే అంటే, లేని జ్వరం కూడా వాళ్ళకు గుర్తొస్తుంది. గట్టిగా చెప్పేవాడికి గట్టిగా తెలుసని నమ్మడం మానేశాను. అన్నిటికంటే ముఖ్యం, టీకొట్టు దగ్గర ఆగి వచ్చిన సాక్షిని నమ్మను.

తర్వాత నాకు వేరే మండలానికి బదిలీ అయింది. కిందటేడు మళ్ళీ మిరపకాయల రోజుల్లో టీకాల పని మీద ఆ ఊరు వెళ్ళి, పోలయ్య కొట్టు దగ్గర టీ తాగుతున్నాను. రోడ్డు మీద బుజ్జిగాడు తాపీగా నడిచి వెళ్తున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి లాక్కున్నారు. మిరప కొనడానికి వచ్చిన కొత్త వ్యాపారి ఒకాయన ఎందుకని అడిగాడు.

"వెంకట్రావు గారి పక్కటెముక ఇరగ్గొట్టింది ఇదే" అన్నాడు పోలయ్య, పక్కనే ఉన్న నన్ను చూస్తూ, ఏ మాత్రం తడబడకుండా. "నా కళ్ళారా చూశా. డాక్టరమ్మ గారిని అడగండి, ఆమెకూ తెలుసు."

టీ సగంలో వదిలేసి కోటమ్మ పాకకు వెళ్ళాను. కల్లం నిండా కాయలు, కావలి మనిషి ఎవరూ లేరు. నాకు ఒళ్ళు మండిపోతోంది. అంత చేసి ఏం లాభం, ఊరు మళ్ళీ అదే కథ చెప్పుకుంటోంది, నువ్వు గట్టిగా అడగవా అని అరిచినంత పని చేశాను.

ఆమె నింపాదిగా, అప్పుడే పాక చేరిన బుజ్జిగాడి ముందు తొట్టిలో కుడితి పోసింది. "అననీండమ్మా. ఆ పేరుండబట్టే ఈ ఏడు నా కల్లంలో ఒక్క కాయ పోలా."

అదే సమయానికి గట్టు మీద ట్రాక్టరు ఒకటి చెవులు పగిలేలా హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను ఉలిక్కిపడ్డాను. బుజ్జిగాడు తొట్టిలోంచి తలెత్తలేదు.